ఐపీఎస్ అని రాసి ఉంటే చాలదు

లాప్‌టాప్ కొనేటప్పుడు ప్రాసెసర్ గురించి నలుగురినీ అడుగుతాం. స్క్రీన్ దగ్గరికొచ్చేసరికి "ఫుల్ హెచ్‌డీ, ఐపీఎస్" (పక్కనుంచి చూసినా రంగులు పెద్దగా మారని స్క్రీన్ రకం) అని ఉంటే చాలనుకుంటాం. ఆ రెండూ ఉన్న ప్యానెళ్లలోనే (లాప్‌టాప్‌లో బిగించే అసలు తెరల్లోనే) నాసిరకాలూ ఉన్నాయి, మేలిరకాలూ ఉన్నాయి.

అసలు వెతకాల్సింది రంగుల పరిధి. స్పెక్స్‌లో 45% ఎన్‌టీఎస్‌సీ (పాత టీవీ రంగుల కొలమానం) అని కనిపిస్తే, అది ఎస్‌ఆర్‌జీబీలో, అంటే వెబ్‌కూ ఫొటోలకూ మామూలుగా వాడే రంగుల పరిధిలో, మూడింట రెండొంతులు కూడా ఉండదు. 72% అంటే దాదాపు పూర్తి ఎస్‌ఆర్‌జీబీ. చౌక ప్యానెల్‌లో కలర్ ఫిల్టర్లు పలచగా ఉంటాయి. వాటిలోంచి వెలుతురు ఎక్కువ దాటుతుంది కాబట్టి చిన్న బ్యాక్‌లైట్‌తో (తెర వెనకుండే దీపాలతో) సరిపెట్టేస్తారు, రంగులు మాత్రం వెలిసిపోతాయి. ముందు దెబ్బతినేది ఎరుపే. మందార పువ్వు ఫొటో తెరిస్తే నారింజ ఛాయ కొడుతుంది. కాలిబ్రేషన్ ఉన్న రంగుల్ని సరిదిద్దుతుందే గానీ ప్యానెల్ చూపించలేని ఎరుపును తెచ్చిపెట్టలేదు. శాచురేషన్ (రంగుల గాఢత) పెంచితే రేకుల మీది ఈనెలు కూడా కలిసిపోయి ఎర్రటి ముద్ద మిగులుతుంది. స్పెక్స్‌లో ఈ అంకె అసలు ఇవ్వకపోతే 45 శాతమే అనుకుని బేరం చూసుకోండి.

వెలుతురు 250 నిట్స్ అయితే గదిలో సరే. కిటికీ పక్కన కూర్చునేవాళ్లకు 300 తక్కువలో తక్కువ, 400 ఉంటే హాయి.

బ్యాక్‌లైట్ లేకుండా ప్రతి చుక్కా తనంతట తనే వెలిగే ఓలెడ్‌లో నలుపు నిజంగా నలుపే. కానీ చాలా ఓలెడ్ ప్యానెళ్లు బ్రైట్‌నెస్ తగ్గించినప్పుడు వెలుగును వేగంగా ఆర్పి వెలిగిస్తుంటాయి. కొందరికి దానివల్ల కళ్లు లాగుతాయి, తలనొప్పి వస్తుంది. కొనేముందే బ్రైట్‌నెస్ 30 శాతానికి దించి, ఫోన్ కెమెరా ప్రో మోడ్‌లో షట్టర్ 1/2000 పెట్టి చూడండి. నల్లటి పట్టీలు కనిపిస్తే ఆ ఆర్పి వెలిగించడం ఉన్నట్టే.

ఒకే మోడల్‌లో వేర్వేరు కంపెనీల ప్యానెళ్లు వస్తుంటాయి, అందుకే రివ్యూలో చూసిందే మీకూ వస్తుందన్న హామీ లేదు. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి మానిటర్స్, ప్రాపర్టీస్, డీటెయిల్స్, హార్డ్‌వేర్ ఐడీస్ వరుసగా వెళ్లండి. అక్కడి కోడ్‌లో మానిటర్ అన్న మాట తర్వాత సీఎంఎన్ అని ఉంటే ఇన్నోలక్స్, ఏయూఓ అయితే ఏయూ ఆప్ట్రానిక్స్, ఎల్‌జీడీ అయితే ఎల్‌జీ డిస్‌ప్లే. పూర్తి పార్ట్ నంబర్ తరచుగా హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో దొరుకుతుంది. దాన్ని గూగుల్ చేస్తే నిట్స్, రంగుల పరిధి సాధారణంగా బయటపడతాయి.

ఈ పనంతా వాపసు గడువు లోపలే చెయ్యాలి. లాప్‌టాప్ ఇంటికొచ్చిన రోజు రాత్రే లైట్లార్పి నల్లటి ఫుల్ స్క్రీన్ బొమ్మ పెట్టండి. మూలల్లో కనిపించే తెల్లదనం తల కదిపితే మారుతోందంటే అది ఐపీఎస్ గ్లో, అన్నిట్లోనూ ఉండేదే. ఎటు నుంచి చూసినా అక్కడే అతుక్కుని ఉంటే బ్యాక్‌లైట్ లీకవుతోంది, మార్పించుకోండి.