మా ఎంజీబీ జీటీ: లప్పం కింద దొరికిన న్యూస్‌పేపరు

2018 సమ్మర్‌లో కొన్నా ఈ బండి. కోవెంట్రీలో ఉంటాం మేము, ఉద్యోగం మామూలు సాఫ్ట్‌వేరే, మెకానిక్ పని ఒక్క రోజు చేసిందీ లేదు. 1967 మోడల్ ఎంజీబీ జీటీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు, ఎర్ర రంగు, క్రోమ్ బంపర్లు, 3,400 పౌండ్లు. "నడిచే కారు ఉండగా ఇదెందుకు" అని మా ఆవిడ అడిగింది, దానికి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

అసలు కారణం చెప్తే నవ్వుతారు. అమ్మే పెద్దాయన బానెట్ ఎత్తి, చోక్ లాగి సెల్ఫ్ కొట్టాడు, ఆ చప్పుడు వినగానే నాకు తెనాలిలో మా నాన్న మెకానిక్ షెడ్డు కళ్ల ముందుకొచ్చేసింది, అచ్చం అంబాసిడరే. తర్వాత చదివితే తెలిసింది అది నా భ్రమ కాదని. పాత అంబాసిడర్‌లో ఉన్న 1489 సీసీ ఇంజనూ, ఎంజీబీలో ఉన్న 1798 సీసీ ఇంజనూ రెండూ బీఎంసీ (బ్రిటిష్ మోటర్ కార్పొరేషన్) వాళ్ల బీ-సిరీస్సే, ఒక తల్లి పిల్లలు. నాన్న ముప్పై ఏళ్లు విప్పి బిగించింది ఆ ఇంజన్లనే.

బండితో పాటు ఓ లావుపాటి ఫైలు ఇచ్చాడాయన. కొన్నాక నెల రోజులు బండి ముట్టుకోకుండా ఆ ఫైలే చదివా. పాత లాగ్‌బుక్కుల్లో, కాగితాల్లో ఓనర్ల పేర్లు వరసగా ఉన్నాయి. మొదటి ఓనరు ఓ టీచరమ్మ, పదకొండేళ్లు వాడింది, సర్వీసు బిల్లు ఒక్కటి కూడా పారెయ్యలేదు, ఆవిడకి దణ్ణం పెట్టాలి. రెండో ఆయన ఆర్మీలో పనిచేసేవాడు, ఎక్కువ కాలం ఉంచుకోలేదు. మూడో ఆయన దగ్గర నుంచి కథ మసకమసకగా ఉంది, కానీ 1988 నాటి గ్యారేజీ బిల్లు ఒకటి ఉంది, "రెండు వైపులా కొత్త సిల్లులు, ఫుల్ పెయింట్" అని (సిల్లు అంటే డోరు కింద పొడుగ్గా ఉండే భాగం). నాలుగో ఆయన నాకు అమ్మిన పెద్దాయన, ఎక్కువ కాలం షెడ్డులోనే పెట్టాడు.

గేడన్‌లో బ్రిటిష్ మోటర్ మ్యూజియం ఉంది కదా, వాళ్ల దగ్గర ఫ్యాక్టరీ రికార్డులు ఉంటాయి, ఛాసిస్ నంబరు ఇచ్చి డబ్బు కడితే హెరిటేజ్ సర్టిఫికెట్ పంపిస్తారు. బండి ఏ రోజు తయారైంది, ఇంజన్ నంబరేంటి, ఏ రంగులో బయటికొచ్చింది అన్నీ అందులో ఉంటాయి. నాది వచ్చింది, చూస్తే ఎంజీ వాళ్ల అబింగ్డన్ ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చినప్పుడు రంగు ఎరుపు కాదు, సాండీ బీజ్! తడి ఇసుక రంగన్నమాట. ఇంజన్ నంబరు మాత్రం కలిసింది, ఆ రోజు ఇంట్లో స్వీట్ చేయించా.

ఇక అసలు గోల. అదే ఏడాది మే నుంచి నలభై ఏళ్లు దాటిన, పెద్దగా మార్చని బండ్లకి ఎంఓటీ టెస్ట్ (ఏటా చేసే ఫిట్‌నెస్ పరీక్ష) అక్కర్లేదన్నారు, రోడ్ ట్యాక్స్ కూడా సున్నా, నేనేమో ఇంకేం హాయిగా తిరగొచ్చు అనుకున్నా. ఒకరోజు జాకీ పెట్టి లేపాను, లేపాక డోరు తెరుద్దామంటే రాదు. బండి మధ్యలో వంగుతోంది! ఎంజీబీకి విడిగా ఛాసిస్ ఉండదు, డోరు కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పోయే పెట్టెలాంటి సిల్లులే దాని వెన్నెముక, అవి పోతే బండి పోయినట్టే.

స్క్రూడ్రైవర్ పెట్టి పొడిస్తే సర్రున లోపలికి దిగింది. పైన ఎర్ర పెయింటు, దాని కింద వేలు మందాన లప్పం, దాని కింద పాత సిల్లు మీద అంటించిన కవరు రేకు, ఆ లోపల చుట్టలు చుట్టి కుక్కిన న్యూస్‌పేపరు. పేపరు తీసి విప్పా, ఫుట్‌బాల్ స్కోర్ల పేజీ, తేదీ 1988 మార్చి. ఫైల్లో బిల్లు తీసి పక్కన పెట్టి చూస్తే ఆ పేపరు తర్వాత నాలుగు రోజులకి రాసింది. ఆ "కొత్త సిల్లులు" ఇవీ. మూడో ఓనరు డబ్బు కట్టి మోసపోయాడు పాపం, ఆయన తర్వాత మేమిద్దరం కూడా.

నునీటన్ దగ్గర ఓ ముసలి వెల్డరు దొరికాడు, మాట తక్కువ. ముందు డోర్ ఫ్రేములకి అడ్డంగా రాడ్లు వెల్డ్ చేశాడు, లేకపోతే సిల్లు కోయగానే బండి ముడుచుకుపోతుందట. తర్వాత ముందు వింగ్స్ (చక్రాల మీది రేకులు) విప్పి, వెనక వింగ్ అడుగు కొంచెం కోసి, లోపలి సిల్లు, మధ్య రేకు, కింద క్యాజిల్ రెయిల్ అనే అడుగు రేకు, బయటి సిల్లు ఒక్కొక్కటీ మార్చాడు. నాలుగు టాకులు (చిన్న వెల్డు చుక్కలు) వేయడం, డోరు మూసి సందు చూడడం, మళ్లీ నాలుగు టాకులు. శనివారాలు నేను తుప్పు గోకే కూలీని. మధ్యలో కోవిడ్ వచ్చి పద్నాలుగు నెలలు పట్టింది. మన టింకరింగ్ వాళ్లయితే వారంలో ఇచ్చేసేవాళ్లు అనుకునేవాణ్ణి మొదట్లో, ఆ న్యూస్‌పేపరు గుర్తొచ్చి నోరు మూసుకునేవాణ్ణి.

పెయింటు సాండీ బీజే వేయించా. "దుమ్ము కొట్టుకుపోయినట్టుంది" అంది మా ఆవిడ. వైరింగ్‌లో నా తెలివి కూడా చెప్పాలి, ఆ కాలం ఎంజీబీలకి పాజిటివ్ ఎర్త్, అంటే బాడీకి ప్లస్ తగిలించి ఉంటుంది, నేను మామూలు ఫోన్ చార్జర్ మైనస్ తీసుకెళ్లి బాడీకి బిగించా, పొగ.

చివరికి టాపెట్లు మిగిలాయి, అంటే వాల్వుల దగ్గర వదిలే సన్నటి సందు సరిచేయడం. ఆ సందుని థౌల్లో కొలుస్తారు, థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. నాన్నకి వీడియో కాల్ చేశా.

"ఎన్ని థౌ పెట్టమని ఉందిరా పుస్తకంలో?"

"పదిహేను నాన్నా, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు."

"సరే, తొమ్మిది లెక్క గుర్తుపెట్టుకో. ఎనిమిదో వాల్వ్ పూర్తిగా కిందకి దిగినప్పుడు ఒకటోది పెట్టు, ఆరోది దిగినప్పుడు మూడోది. రెండూ కలిపితే తొమ్మిది రావాలి, అంతే."

ఇంగ్లీష్ మాన్యువల్లో ఇదే లెక్క ఉంది, ఆయన ఆ పుస్తకం ఎప్పుడూ చూడలేదు. సందు కొలిచే పల్చటి రేకు, ఫీలర్ గేజ్ పెట్టి ఒక్కొక్కటీ చేశా, గేజ్ కాస్త పట్టుకున్నట్టు జారాలి, బిగుసుకోకూడదు, ఆ కాస్త ఎంతో తెలియడానికి గంట పట్టింది. కవర్ వేసి స్టార్ట్ చేసి ఫోను ఇంజన్ దగ్గర పెట్టా. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"వెనకాల వైపు ఏదో ఒకటి లూజుగా ఉందిరా, మళ్లీ చూడు."

ఇంజన్ ఆపి చల్లారాక విప్పి చూశా. ఏడోది, పద్దెనిమిది థౌ ఉంది.