రేకు లాకెట్ల మీద తెలుగు పేర్లు: ఇప్పటిదాకా తేలిన లెక్కలు

ఇంగ్లీషు పేర్ల పని కుదురుకుంది. 3 మి.మీ. లెటర్ పంచ్ (మొన మీద అక్షరం చెక్కిన ఉక్కు కడ్డీ, సుత్తితో కొడితే రేకు మీద అచ్చు పడుతుంది) సెట్టులో 27 పంచ్‌లుంటాయి: 26 అక్షరాలు, ఒక అండ్ గుర్తు. అంకెల సెట్టులో తొమ్మిదే. 6ను తిప్పి కొడితే అదే 9. 3 మి.మీ. అనేది అక్షరం ఎత్తు, వెడల్పు కాదు. అందుకే 3.5 మి.మీ.కు ఒక గుర్తు పెట్టుకుంటే ఏడక్షరాల పేరు 24 మి.మీ.లో ఇమిడిపోతుంది, 35 మి.మీ. పొడవున్న లాకెట్ పట్టీకి రెండు పక్కలా ఐదారు మి.మీ. మిగులుతుంది. ముందుగా నాలుగో అక్షరాన్ని నడిమధ్యన కొట్టి, అక్కడి నుంచి అటూ ఇటూ పోవాలి. ఎడమ నుంచి మొదలుపెడితే చివర్లో చోటు చాలదు. గీత తప్పకుండా కింద ఇన్సులేషన్ టేపు అంటించి, పంచ్‌ను దానికి ఆనిస్తే సరి.

రేకు ధర రోజుకో తీరు, కాబట్టి బరువు లెక్క చూసుకోండి. 1 మి.మీ. మందం, అడుగు చదరం అల్యూమినియం రేకు పావుకిలో తూగుతుంది; అదే ఇత్తడి అయితే 800 గ్రాములకు కాస్త తక్కువ. ఆ అడుగు రేకులో 35×12 మి.మీ. పట్టీలు లెక్కకు 200. కత్తెర దగ్గర వంకరపోయినవి తీసేసినా చేతికి చాలానే వస్తాయి. కొత్తవాళ్లకు అల్యూమినియమే మేలు. స్టెయిన్‌లెస్ స్టీలు జోలికి పోవద్దు, మామూలు పంచ్‌ల మొనలు దాని మీద మొద్దుబారతాయి.

కింద పెట్టడానికి దాగలి కొననక్కర్లేదు. వెల్డింగు షాపు తుక్కులో 75 మి.మీ. చదరం, 20 మి.మీ. మందం ఇనుప దిమ్మె అడగండి, 900 గ్రాముల లోపే ఉంటుంది. పై ముఖాన్ని ఎమెరీ కాగితంతో నున్నగా రుద్దాలి, లేకపోతే దాని గరుకంతా రేకు వెనక అచ్చుపడుతుంది. దిమ్మెను నేల మీదే పెట్టాలి. చప్పుడు తగ్గుతుందని కింద మందపాటి రబ్బరు వేస్తే దెబ్బంతా అదే మింగేస్తుంది. పెంబర్తి ఇత్తడి పనివాళ్లు రేకును లక్క మీద పెట్టి కొడతారు కదా అనొచ్చు. అక్కడ బొమ్మ ఉబ్బాలి, రేకు లొంగాలి. మనకు కావలసింది గుంట, అందుకే కింద గట్టిది ఉండాలి.

అక్షరం జంటగా పడిందంటే సుత్తి తేలికైందని అర్థం. 450 గ్రాముల సుత్తితో ఒక్కటే దెబ్బ వేయాలి. సగమే పడితే పంచ్‌ను అదే గుంటలో కూర్చోబెట్టి, పడని వైపు కొద్దిగా వంచి మళ్లీ కొట్టాలి. గుంటలో కూర్చున్నది వేలికే తెలుస్తుంది.

ఇక తెలుగు. మన అక్షరాలకు ఇలాంటి రెడీమేడ్ సెట్టు హార్డ్‌వేర్ దుకాణంలో దొరకదు. గిన్నెల మీద పేర్లు కొట్టే చుక్కల పద్ధతే ఇక్కడ దారి. సెంటర్ పంచ్ (చుక్క కొట్టే మొనదేలిన ఉక్కు కడ్డీ) మొనను ఆకురాయితో కొంచెం గుండ్రం చేయాలి, సూదిగా ఉంటే 1 మి.మీ. రేకు వెనక బొడిపెలు లేస్తాయి. పేరును 7 మి.మీ. ఎత్తున పల్చటి కాగితం మీద రాసి, నీళ్లు కలిపిన ఫెవికాల్‌తో అంటించి, ఆరాక కాగితం మీంచే కొట్టాలి. దీనికి 200 గ్రాముల సుత్తి చాలు. చుక్కకూ చుక్కకూ 1 మి.మీ. ఎడం ఉండాలి. అంతకన్నా దగ్గరైతే మధ్య అంచు విరిగి గీతలా కలిసిపోతుంది. ముందు అక్షరం కొసలు, తర్వాత వంపు తిరిగే చోట్లు, ఆ పైన మధ్యవి. 3 మి.మీ. సున్నాకు తొమ్మిది చుక్కలు.

జాగ్రత్త పడాల్సింది తలకట్టు దగ్గర. ‘ప’కు అది విడిగా ఉంటుంది, ‘వ’కు కలిసిపోతుంది. ఆ సందులో ఒక్క చుక్క ఎక్కువైతే పద్మ కాస్తా వద్మ అవుతుంది, దాన్ని చెరపడం ఉండదు. ఒత్తులున్న పేర్లకు పట్టీ ఎత్తు 12 చాలదు, 16 పెట్టుకోండి. లక్ష్మికి 18, పైన గుడి, కింద ఒత్తులు.

కొట్టాక రేకు కాస్త వంగుతుంది. బోర్లించి, కింద చెక్క పెట్టి, చెక్క సుత్తితో తట్టాలి. ఇనుప సుత్తి ముట్టించకూడదు. ఆ తర్వాతే అంచు నుంచి 3 మి.మీ. లోపలికి 2 మి.మీ. రంధ్రం వేయాలి, ముందే వేస్తే పక్కన పడ్డ దెబ్బకు అది కోడిగుడ్డు ఆకారంలోకి సాగుతుంది.

నలుపుకు నల్ల ఎనామెల్ పూసి, పూర్తిగా ఆరనిచ్చి, చెక్కముక్కకు చుట్టిన 1000 నంబరు ఎమెరీతో పైపైన రుద్దితే గుంటల్లో రంగు నిలుస్తుంది. ఆరకముందే మెత్తటి గుడ్డతో తుడిస్తే గుంటల్లోది కూడా ఊడొస్తుంది. ఇత్తడికైతే రంగుకు ముందే చింతపండుతో తోమి, కడిగి ఆరబెట్టి, చివర్లో లక్కరు (రంగులేని వార్నిష్) ఒక పూత వేయాలి. లేకపోతే చెమటకు మెడ మీద పచ్చటి మరక దిగుతుంది.