మినిట్స్ బుక్కు, ఓటీపీ, అమెరికా డబ్బు: చిన్న సంస్థలు ఎక్కడ జారతాయి

మండల స్థాయి స్వచ్ఛంద సంస్థలకు "సామర్థ్యం పెంచాలి" అనగానే రెండు రోజుల శిక్షణ, ఒక సంచి, ఒక నోటుబుక్కు, మధ్యాహ్నం బిర్యానీ. ఏడాది తర్వాత చూస్తే సంస్థ ఎక్కడుందో అక్కడే ఉంటుంది. ఊళ్లో పని ఎలా చేయాలో వాళ్లకు మనం నేర్పక్కర్లేదు. చేసిన పనికి కాయితం ఉండదు, కాయితం ఉన్నా అది ఒక్కరి చేతిలోనే ఉంటుంది. చిక్కంతా అక్కడే.

మన రెండు రాష్ట్రాల్లోనూ సొసైటీలకు 2001 నాటి రిజిస్ట్రేషన్ చట్టమే వర్తిస్తుంది. కనీసం 7 మంది ఉండాలి. ఆ ఏడుగురిలో భార్య, బావమరిది, సంతకం కోసం చేర్చుకున్న పాత క్లాస్‌మేటు ఉంటే రిజిస్ట్రేషన్ అయితే అవుతుంది, సంస్థ మాత్రం అవదు. ఏటా సర్వసభ్య సమావేశం జరిగాక 15 రోజుల్లో కొత్త కార్యవర్గం జాబితాను జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేయాలి. చాలామంది దీన్ని వదిలేస్తారు, ఎవరూ అడగరు కాబట్టి. అయిదేళ్ల తర్వాత కోశాధికారి మారితే బ్యాంకు అడిగేది ఆ జాబితానే. రిజిస్ట్రార్ ఆఫీసులో ఉన్నవి పాత పేర్లు, ఖాతాలో సంతకం ఊరు వదిలి వెళ్లిన మనిషిది. ఖాతాలో డబ్బుంటుంది, తీయడానికి దారుండదు.

మినిట్స్ బుక్కు విషయంలో కాస్త చాదస్తంగా ఉన్నా తప్పులేదు. విడి కాయితాలు వద్దు. బైండు చేసిన పుస్తకం, మొదటి రోజే అన్ని పేజీలకూ నంబర్లు. సమావేశం రోజే రాసి, హాజరైనవాళ్లు లేచి వెళ్లకముందే సంతకాలు పెట్టించాలి. ప్రతి తీర్మానానికి నంబరు, ప్రతిపాదించింది ఎవరు, బలపరిచింది ఎవరు, కోరం (ఉండాల్సిన కనీస హాజరు) ఎంత, వచ్చింది ఎంత. "ఖర్చులు ఆమోదించడమైనది" అని రాస్తే దేనికీ పనికిరాదు. "ఏప్రిల్, మే నెలల ఖర్చు రూ. 41,350, వోచర్లు 1 నుంచి 38 వరకు" అని రాస్తే అయిదేళ్ల తర్వాత చదివినా అర్థమవుతుంది. ఆడిట్ ముందు రాత్రి ఒకే పెన్నుతో పన్నెండు నెలల మినిట్స్ రాసిన పుస్తకం చూడగానే తెలిసిపోతుంది. ఆడిటర్లకూ తెలుసు, ఊరుకుంటారంతే.

డబ్బు దగ్గర కొన్ని పట్టింపులు. చేతిలో నగదుకు ఒక హద్దు, 5,000 అనుకుందాం. ఖర్చయినంతే బ్యాంకు నుంచి తెచ్చి మళ్లీ నింపాలి. రాసేవాళ్లు వేరు, చెక్కు మీద సంతకం పెట్టేవాళ్లు వేరు. సంతకాలు పెట్టే ఇద్దరూ చుట్టాలు కాకూడదు. నెలాఖరుకు క్యాష్ బుక్కునూ పాస్ బుక్కునూ సరిచూడాలి. తప్పు రాసిన రసీదును చించేయకుండా అడ్డంగా గీత కొట్టి పుస్తకంలోనే ఉంచాలి. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం చేబదులు: బడి ప్రాజెక్టు డబ్బుతో నీటి ప్రాజెక్టు జీతాలిచ్చి, "అది రాగానే సర్దేద్దాం" అనుకోవడం. రెండో డబ్బు ఆలస్యమైతే ఇద్దరు దాతల ముందూ దొంగలవుతారు, ఎవరూ పైసా తినకపోయినా.

ఇక తాళాలు. బీరువా తాళం కాదు, ఓటీపీ. ఆదాయపు పన్ను పోర్టల్, స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే ప్రభుత్వ పోర్టల్ దర్పణ్, బ్యాంకు అన్నీ ఒక్కరి ఫోనుకు, మానేసిన కోఆర్డినేటర్ ఈమెయిల్‌కు కట్టి ఉంటాయి. సంస్థ పేరుమీద ఒక సిమ్, ఒక ఈమెయిల్ తీసుకుని, పాస్‌వర్డులు సీలు కవర్లో ఇద్దరు పదాధికారుల దగ్గర ఉంచితే నెలకు రెండు మూడు వందలతో పోతుంది.

పన్ను రిజిస్ట్రేషన్లలో గడువులే కొంప ముంచుతాయి. సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు ఇచ్చేది 12ఎ, దాతకు ఇచ్చేది 80జి. ఆ పేర్లే వాడుతున్నాను, వాడుకలో అవే ఉన్నాయి కాబట్టి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల అంకెలు వేరు. తాత్కాలిక రిజిస్ట్రేషన్ 3 ఏళ్లకు వస్తుంది. ఆ మూడేళ్లే అందరికీ గుర్తుంటాయి. పాత చట్టం నుంచీ ఉన్న షరతు ఏమిటంటే, గడువుకు 6 నెలల ముందు లేదా పని మొదలైన 6 నెలల్లోపు, ఏది ముందైతే అప్పటికే రెగ్యులర్ రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు పెట్టాలి. రెండు వేలు దాటిన నగదు విరాళానికి దాతకు మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానంలో ఉన్న ఉద్యోగికైతే 80జి మినహాయింపే లేదు, కాబట్టి రసీదు చూపి ఊరించడం ఇదివరకటిలా పనిచేయదు.

విదేశీ డబ్బు దగ్గర మనవాళ్లు చేసే పొరపాటు ప్రత్యేకమైంది. ఊరి బడి పూర్వ విద్యార్థి డాలస్ నుంచి సంస్థ మామూలు ఖాతాలోకి డబ్బు పంపుతాడు. అతని దగ్గర ఇంకా భారత పాస్‌పోర్టే ఉండి, సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మరుక్షణం, భారత సంతతి విదేశీయులకిచ్చే ఓసీఐ కార్డున్నా సరే, అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా తీసుకుంటే నేరం. అందుకే విరాళం పత్రంలో "ఏ దేశ పౌరులు" అనే గడి, కింద పాస్‌పోర్టు నకలు ఉండి తీరాలి. "మనవాడే కదా" అని అడగడానికి మొహమాటపడితే చట్టం మొహమాటపడదు.

ఆ చట్టానికి 2020లో చేసిన సవరణతో ఇంకో తలుపు మూసుకుంది. అంతకుముందు పెద్ద సంస్థలు విదేశీ నిధి తెచ్చి, రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న సంస్థలకు పంచేవి. ఇప్పుడు ఒక సంస్థ నుంచి మరోదానికి ఆ డబ్బు బదిలీ చేయకూడదు. పరిపాలన ఖర్చు హద్దూ 50 శాతం నుంచి 20కి దిగింది. సొంతంగా రిజిస్ట్రేషన్ కావాలంటే కనీసం 3 ఏళ్ల వయసు, ఆ మూడేళ్లలో ప్రధాన పనుల మీద 15 లక్షల ఖర్చు చూపాలి. చాలా మండల సంస్థలకు ఇది అందని ద్రాక్ష.

మిగిలింది కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్‌ఆర్ డబ్బు, ఊరి చందా. సీఎస్‌ఆర్ వాళ్లు "ఓవర్‌హెడ్ 5 శాతమే" అంటారు. ఆ హద్దు కంపెనీ తన సీఎస్‌ఆర్ విభాగం నడపడానికి పెట్టుకునే సాధారణ పరిపాలన ఖర్చుది. కాబట్టి బడ్జెట్‌లో "పరిపాలన" అని ఒకే ముద్దగా రాయకుండా, ప్రాజెక్టు లెక్కలు రాసే మనిషి జీతంలో ఆ ప్రాజెక్టు వాటా, పర్యవేక్షణ ప్రయాణాలు విడివిడిగా రాసి అడగాలి. ఎవరూ ఇవ్వని ఖర్చుకు ఊరి డబ్బు దాచుకోవాలి. అద్దె 5,000, పార్ట్‌టైం అకౌంటెంటు 8,000, కరెంటు, ఫోను 2,000 అనుకుంటే నెలకు 15,000. ఆరు నెలలకు 90,000. అది వేరే ఖాతాలో ఉండాలి, ముట్టుకోవాలంటే కార్యవర్గం తీర్మానం కావాలి, తీర్మానంలో తిరిగి నింపే తేదీ కూడా రాయాలి.