గొల్లపూడి నాటకాన్ని చెవితో చదవాలి

మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణిత భౌతికశాస్త్రం ఆనర్స్ చదివి, జీవితమంతా మాటలు రాసుకుంటూ బతికిన విద్యార్థి గొల్లపూడి మారుతీరావు. 1939 ఏప్రిల్ 14న విజయనగరంలో పుట్టారు. ఆయన వాల్తేరులో చదివే రోజుల్లో రిజిస్ట్రారు కె.వి. గోపాలస్వామి. నాటకమంటే ప్రాణమిచ్చే అలాంటి పెద్దమనిషి ఉండబట్టే లెక్కల విద్యార్థులు కూడా ముఖానికి రంగు వేసుకోగలిగారు.

1959లో ఆంధ్రప్రభలో సబ్ ఎడిటర్‌గా చేరారు. ఆ తర్వాత దాదాపు ఇరవయ్యేళ్ళు ఆకాశవాణి. ఆయన కలానికి అసలు సానపట్టింది రేడియోయేనని నా నమ్మకం. రేడియో నాటకంలో తెర లేదు, దీపం లేదు. వచ్చిందెవరో ఎదుటివాడి పిలుపులోనే తెలియాలి. ఒక పాత్ర కాసేపు నోరు విప్పకపోతే ఆ గదిలో ఉన్నట్టే శ్రోత మరిచిపోతాడు. కనీసం ఒక ‘ఊఁ’ అయినా అనిపించాలి.

1964లో కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ నవల ఆదుర్తి సుబ్బారావు చేతిలో ‘డాక్టర్ చక్రవర్తి’ అయినప్పుడు, గొల్లపూడి ఆ సినిమా రచనతో చిత్రసీమలో అడుగుపెట్టారు. నటుడిగా జనానికి తెలిసింది 1982లో, ‘ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య’తో. అందరికీ గుర్తున్నది ఆ ముఖమే. నాకు మాత్రం ‘కళ్ళు’ నాటిక ముఖ్యం. 1988లో ఎం.వి. రఘు దాన్ని సినిమాగా తీశారు.

అందులో గుడ్డి బిచ్చగాళ్ళు ఉంటారు. వాళ్ళలో ఒకడికి చూపొస్తుంది. ఈ నాటిక వేసే కుర్రాళ్ళు ఎక్కువగా తప్పేది చూపు దగ్గరే. డబ్బా నుంచి నాణెం జారిందంటే చాలు, కళ్ళు అప్రయత్నంగా దాని వెంట పోతాయి. అక్కడితో భ్రమ చెదిరిపోతుంది. మొదటి నాలుగైదు రిహార్సల్స్ కళ్ళకు గంతలు కట్టి చేయించాలి. గంతలు విప్పాక కూడా పిలిచినవాడి వైపు ముఖం తిప్పకూడదు, చెవి ఒగ్గాలి. స్తంభం నుంచి అరుగుకు ఎన్ని అడుగులో లెక్క కుదరాలి. మాట నడుస్తుండగా కర్ర తాటించకూడదు. తెలుగులో క్రియ చివర వస్తుంది, ఆ చప్పుడుకి అదే మునిగిపోతుంది. చేతులు ముందుకు చాచి తడుముకోవడం మరీ కృతకం. అలవాటైన చోట గుడ్డివాళ్ళు అలా నడవరు.

చూపొచ్చిన పాత్రధారి మాత్రం ఆ క్షణం నుంచి తలెత్తి మనుషుల్ని చూస్తూ మాట్లాడాలి. మిగతావాళ్ళు ఎప్పటిలాగే అతని గొంతు వైపు చెవి పెట్టి ఉంటారు.