గుడ్డు శాండ్‌విచ్, నాలుగు ఫొటోలు

డల్లాస్‌లో మా ఫ్యామిలీ డాక్టర్ "మీరు లావు కాదు కదా, షుగర్ టెస్ట్ ఎందుకు?" అన్నాడు. నా బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) 24. ఇక్కడి లెక్కలో 25 దాటితేనే అధిక బరువు. ఆసియా మూలాల వాళ్లకి 23 నుంచే పరీక్షించాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లోనే చెప్పింది. పట్టుబట్టి చేయించుకుంటే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ లెక్క) 7.4 వచ్చింది, అంటే షుగర్ ఉన్నట్టే.

మెట్‌ఫార్మిన్ మాత్రలతో పరగడుపు షుగర్ దారికొచ్చింది. గొడవంతా తిన్నాకే. చేతికి సీజీఎం (షుగర్‌ని రోజంతా కొలిచి గీతగా చూపించే మీటర్) పెట్టుకుని చూస్తే, పప్పన్నం తిన్న అరగంటకే గీత నిట్టనిలువుగా లేచేది. పైగా కడుపుబ్బరం, చెమటలు. ఎండోక్రైనాలజిస్ట్ (షుగర్, హార్మోన్ల డాక్టర్) ఆ గీత చూసి, తిన్నది కడుపులోంచి మరీ త్వరగా జారిపోయి షుగర్ ఎగబాకుతోందేమో, కడుపు ఎంత వేగంగా ఖాళీ అవుతోందో స్కాన్ చేద్దామంది. ఇన్సూరెన్స్ వాళ్ల అనుమతి రావడానికి పట్టిన టైమ్ గురించి చెప్పకపోవడమే మంచిది.

పరగడుపున వెళ్లాలి. ముందు వేలు గుచ్చి షుగర్ చూశారు, 275 దాటితే పరీక్ష చెయ్యరట. తర్వాత శాండ్‌విచ్ ఇచ్చారు. కొద్దిపాటి రేడియోధార్మిక పదార్థం కలిపి వండిన గుడ్డు తెల్లసొన, రెండు బ్రెడ్ ముక్కలు, జామ్, పక్కన కాసిన్ని నీళ్లు. ఉప్పూ కారం లేని ఆ ముద్దని పది నిమిషాల్లో మింగాలి. తిన్న వెంటనే, ఆ పదార్థం కడుపులో ఎంతుందో చూపించే గామా కెమెరా ముందు నిలబెట్టి ఒక ఫొటో, ఆపైన గంటకి, రెండు గంటలకి, నాలుగు గంటలకి ఒక్కోటి. నొప్పేమీ లేదు, విసుగే.

గంట తర్వాత కడుపులో సగానికి పైగా ఉండటం మామూలు, 30 శాతం కన్నా తక్కువ మిగిలితే మరీ వేగం అని లెక్క. నాకు మిగిలింది 24. షుగర్ ముదిరితే కడుపు మందగిస్తుందని విన్నాను గానీ, మొదట్లో కొందరికి ఇలా ఉరుకుతుందని అప్పుడే తెలిసింది. మా టెక్సస్‌లోనే, శాన్ ఆంటోనియోలో 1990లలో జరిగిన పరిశోధనల్లో మెక్సికన్ అమెరికన్ల కడుపు తెల్లవాళ్ల కన్నా త్వరగా ఖాళీ అవుతోందని తేలిందట. "మరి మా తెలుగువాళ్ల సంగతి?" అని అడిగాను. "జాతిని బట్టి ఊహించను, కొలుస్తాను" అంది ఎండోక్రైనాలజిస్ట్. ఆ మాట నచ్చింది. అయితే ఎంత మిగిలితే మామూలు అనే ఆ కొలబద్ద కట్టింది అమెరికా, కెనడా, యూరప్ వాళ్లకి ఆ గుడ్డూ బ్రెడ్డే పెట్టి. ఆవకాయ అన్నానికి ఎవరూ కట్టినట్టు లేరు.

కడుపుని నిదానింపజేసే ఇంజెక్షన్లు ఉన్నాయంది. ముందు తిండి వరస మార్చి చూస్తానన్నాను: మొదట కూర, గుడ్డో పెసరట్టు ముక్కో, చివర్లో అన్నం. ప్రొటీన్ ముందు పడితే కడుపు నెమ్మదిస్తుందట. 240 దాకా పోయే గీత ఇప్పుడు 180 దగ్గర ఆగుతోంది.

అత్తయ్యకి మాత్రం ఇది నచ్చలేదు. "కూరంతా ముందే తినేస్తే అన్నంలో ఏం కలుపుకుంటావే?" అంటారు. అందుకని ఇంకో గరిటెడు ఎక్కువే వండుతున్నా.