లోగో దగ్గరే ఆగిపోయిన అమ్మ ట్యాబ్

రాత్రి అప్‌డేట్ పెట్టి, ఛార్జర్ కూడా గుచ్చి పడుకున్నాను. గోడకున్న స్విచ్ మాత్రం వేయలేదు! పొద్దున చూస్తే లోగో వెలగడం, ఆరడం, మళ్ళీ వెలగడం, ఇదే వరస. "నా ఫొటోలు పోయాయారా?" అని అమ్మ టెన్షన్.

ముందు గంటసేపు ఛార్జ్ చేసి, పవర్, వాల్యూమ్ బటన్లు కలిపి నొక్కితే రికవరీ మెనూ (ట్యాబ్ మామూలుగా తెరుచుకోనప్పుడు బాగుచేసుకోడానికి ఉండే తెర) వచ్చింది. అందులో 'వైప్ డేటా' జోలికి మాత్రం పోకండి, ఉన్నదంతా తుడిచేస్తుంది. కంప్యూటర్ నుంచి అప్‌డేట్ ఎక్కిద్దామంటే ల్యాప్‌టాప్ అసలు ట్యాబ్‌ని గుర్తుపట్టదే! అరపూట తల బద్దలు కొట్టుకున్నాక తెలిసింది, నా చేతిలో ఉన్నది ఉత్త ఛార్జింగ్ కేబుల్, లోపల డేటా తీగలే లేవు. వేరేది పెట్టాక ఫైల్ కదిలింది గానీ 47 శాతం దగ్గర నిలబడేసరికి గుండె ఆగినంత పనైంది. ఫైల్‌ని సరిచూడ్డానికోసారి, ఎక్కించడానికోసారి, మొత్తం రెండుసార్లు చదువుతుందట, మొదటి చుట్టు అక్కడికి అవుతుంది. చివరికి అప్‌డేట్ పూర్తయి ట్యాబ్ తెరుచుకుంది, ఫొటోలన్నీ ఉన్నాయి.