భర్తకి కేర్‌గివర్‌గా జీతం: టాక్స్ లేదు, సోషల్ సెక్యూరిటీ కూడా లేదు (నా అనుభవం)

మావారికి స్ట్రోక్ వచ్చి కుడి పక్క పడిపోయాక నేను ఫుల్‌టైం జాబ్ మానేశాను. మేముండేది కాలిఫోర్నియాలో. ఇక్కడ మెడి-కాల్ (తక్కువ ఆదాయం వాళ్ళకి స్టేట్ ఇచ్చే హెల్త్ ఇన్సూరెన్స్) ఉన్నవాళ్ళకి ఐహెచ్ఎస్ఎస్ అని ప్రోగ్రాం ఉంది, ఇంట్లో మనిషిని చూసుకున్నందుకు గంటల లెక్కన డబ్బులిస్తారు, చూసేది భార్యైనా భర్తైనా సరే. ఎలా అప్లై చేయాలో అందరూ చెప్తారు కానీ టాక్స్, సోషల్ సెక్యూరిటీ (రిటైరయ్యాకో, డిసేబిలిటీ వస్తేనో ప్రభుత్వం ఇచ్చే పెన్షన్) సంగతి అడిగితే ఒక్కళ్ళూ సరిగ్గా చెప్పరు, అందుకే రాస్తున్నా.

కాగితాల పని పెద్ద కష్టం కాదు. ఇంట్లో సాయం అవసరమని డాక్టర్ చేత ఎస్ఓసీ 873 అనే ఫాం నింపించాలి, నేను వేలిముద్రలిచ్చి, ఓరియెంటేషన్ చూసి ప్రొవైడర్‌గా ఎన్‌రోల్ అవ్వాలి. అసలు పరీక్ష సోషల్ వర్కర్ ఇంటికొచ్చిన రోజే. స్నానం ఎవరు చేయిస్తారు అని ఆవిడ అడిగితే ఈయన మొహమాటపడి "నేనే చేసుకుంటాను" అనేశారు! పరాయి ఆడమనిషి ముందు చెప్పుకోవడానికి మనసొప్పలేదు పాపం. నేను మధ్యలో దూరి "ఏవండీ, ఒకసారి చొక్కా విప్పి చూపించండి" అన్నా. ఎడమచేత్తో రెండో గుండీ దగ్గరే ఆగిపోయారు, ఆవిడ ఏం మాట్లాడకుండా రాసుకుంది. ప్రతి పనికీ నిమిషాల్లో లెక్క కడతారు కాబట్టి దేనికెంత టైం పడుతోందో ముందే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, మీ మనిషి మంచితనం వల్ల గంటలు పోకుండా ఉంటాయి.

ఇంకోటి, వంట, ఇల్లు ఊడవడం, బట్టలుతకడం, షాపింగ్... ఇవి భార్య చేస్తే పైసా రాదు, ఎలాగూ చేస్తారుగా అని వాళ్ళ లెక్క. స్నానం, బట్టలు వేయడం, మంచం మీంచి కుర్చీలోకి మార్చడం, బాత్రూం లాంటి వాటికే ఇస్తారు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళే టైం కూడా ఇవ్వాలంటే నేను ఫుల్‌టైం జాబ్ మానేశానని, తగిన మనిషి వేరే ఎవరూ దొరకలేదని చూపించాల్సొచ్చింది.

రూల్ ప్రకారం మావారు ఎంప్లాయర్, నేను ఎంప్లాయీ. డబ్బులు ప్రభుత్వానివే, కానీ నెలకి రెండుసార్లు నా టైంషీట్ అప్రూవ్ చేసేది ఆయనే. ఫోన్‌లో ఎడమ బొటనవేలితో నంబర్లు నొక్కుతూ "ఈసారి నీ పని ఏం బాలేదు" అంటుంటారు.

ఇక టాక్స్. చూసుకునే మనిషి, చూపించుకునే మనిషి ఒకే ఇంట్లో ఉంటే ఐఆర్ఎస్ (ఫెడరల్ టాక్స్ శాఖ) నోటీస్ 2014-7 ప్రకారం ఈ డబ్బు మీద ఫెడరల్ ఇన్‌కం టాక్స్ పడదు, స్టేట్ టాక్స్ కూడా పడదు. కానీ దానంతటది జరగదు, ఎస్ఓసీ 2298 అనే లివ్-ఇన్ సర్టిఫికేషన్ పంపాలి. అది ప్రాసెస్ అయ్యేలోపు వచ్చిన జీతం డబ్ల్యూ-2 (ఏడాది జీతం లెక్క చూపించే ఫాం) బాక్స్ 1లో, అంటే టాక్స్ పడే జీతం కింద పడింది, దాన్ని రిటర్న్‌లో షెడ్యూల్ 1 లైన్ 8ఎస్‌లో తీసేశాం. ఒకవేళ పిల్లలుండి ఇన్‌కం తక్కువైతే ఎర్న్‌డ్ ఇన్‌కం క్రెడిట్ (తక్కువ సంపాదన ఉన్నవాళ్ళకి టాక్స్‌లో ఇచ్చే రాయితీ) కోసం ఈ డబ్బుని ఇన్‌కంగా చూపించుకోవచ్చు, అయితే మొత్తం చూపించాలి లేదా అసలు చూపించకూడదు, సగం సగం కుదరదు.

మొదటి పే స్టబ్‌లో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ (పెద్దవాళ్ళకిచ్చే ప్రభుత్వ హెల్త్ ఇన్సూరెన్స్) కటింగ్‌లు సున్నా. మర్చిపోయారేమో అని ఫోన్ చేస్తే రూలే అంత అన్నారు, ఇంటి పనికి భర్త భార్యని పెట్టుకుంటే ఆ జీతానికి ఫైకా (ఈ రెండు కటింగ్‌లకీ కలిపి పేరు) ఉండదు, అన్‌ఎంప్లాయ్‌మెంట్ కూడా రాదు. చేతికి నాలుగు డాలర్లు ఎక్కువొస్తాయని సంతోషపడితే అక్కడే దెబ్బ, ఎందుకంటే ఎన్నేళ్ళు చేసినా సోషల్ సెక్యూరిటీలో ఒక్క క్రెడిట్ (సంపాదనని బట్టి జమయ్యే పాయింటు) కూడా పెరగదు. రిటైర్‌మెంట్‌కి 40 క్రెడిట్లు కావాలి, నాకు 28 ఉన్నాయి. పాతవి ఎక్కడికీ పోవు, ఆయన రికార్డు మీద స్పౌజ్ బెనిఫిట్, 65కి మెడికేర్ వస్తాయి, అంతవరకు ఫరవాలేదు. కానీ రేపు నేనే పడిపోతే? డిసేబిలిటీకి మామూలుగా చివరి పదేళ్ళలో 20 క్రెడిట్లు ఉండాలి, ఇంట్లో ఉన్న ప్రతి ఏడూ అవి కరిగిపోతుంటాయి. ఇంతమంది ఆడవాళ్ళు రోజంతా మనిషిని ఎత్తి దించే పని చేస్తుంటే వాళ్ళ నడుము పోతే దిక్కులేకుండా పెట్టిన రూల్ ఇది, నాకైతే అన్యాయం అనిపిస్తుంది.

నేను చేసింది రెండు పనులు. 2019 సెక్యూర్ యాక్ట్ వచ్చాక టాక్స్ పడని ఈ డబ్బుని చూపించి కూడా ఐఆర్ఏ (రిటైర్‌మెంట్ కోసం సొంతంగా దాచుకునే ఖాతా)లో వేసుకోవచ్చు, కాకపోతే డిడక్షన్ రాని రకంలోనే, అందులో కొంచెం కొంచెం వేస్తున్నా. రెండోది, మా అబ్బాయి ఇంట్లో ఉండే వీకెండ్స్‌లో ఒక స్టోర్‌లో క్యాషియర్‌గా వెళ్తున్నా. 2025లో 1,810 డాలర్లకి ఒక క్రెడిట్, ఏడాదికి నాలుగే ఇస్తారు, అంటే 7,240 దాటితే ఆ ఏడాది కోటా పూర్తి. ఆ జీతంలో ఫైకా కట్ అవుతుంటే సంతోషపడేది ఆ స్టోర్ మొత్తంలో నేనొక్కదాన్నే అనుకుంటా.